కూఁతురి యీవి

మార్గదర్శకుని వెంట మేము ఫ్లారెన్సు నగరమున మెడిచీ ప్రభువుల కట్టడములఁ జూచుచు నడచితిమి. కొసిమో కట్టించిన సౌధమును, 1478లో జూలియానో హత్యకు గుఱియైన ప్రధానదేవాలయమును, ప్రభువులు జనుల నడుమ నడువకుండుటకై 1565లో వసారి యెత్తుగా నిర్మించిన నడవను జూచి యబ్బురపడితిమి.

తుదకు సాన్ లొరెంజో దేవాలయమున అన్నా మరియా లుయీజా సమాధికడ నిలిచితిమి. తండ్రి యామెను తన వంశరాజ్యమున నిలుపఁదలంచెను గాని యూరపు ప్రభువులు సమ్మతింపలేదు. 1737లో సోదరుఁడు గతింపఁగా రాజ్యము పరవంశముపాలయ్యెను. అయినను ఆమె తమ చిత్రములును శిల్పములును గ్రంథములును నగరము దాటిపోరాదని పత్రము వ్రాయించెను. పురుషులు కూర్చినదానిని నిలిపినది కూఁతురు!

మేము మా మరణశాసనమునఁ గుమారుల పేళ్లే వ్రాసియుంటిమి. ఆఁడుబిడ్డల చదువునుగూర్చి సభలలో నుపన్యసించు మా కాలోపము నాఁటివఱకుఁ దోఁపలేదు. ఇల్లు చేరినతోడనే దానిని జించి, సమభాగములు చేసి మరల వ్రాసితిమి. చదువరులారా, మీ పెట్టెలలోని పత్రములను గూడ నొకమాఱు విప్పి చూడుఁడు.