సందక్‌ఫూ దారిలో గేర్ల లెక్క

డార్జిలింగుకు సుమారు 26 కిలోమీటర్ల దూరాన, నేపాలు సరిహద్దును ఆనుకుని మానేభంజాంగ్ అనే చిన్న బజారు ఉన్నది. పశ్చిమ బెంగాల్‌లోకెల్లా ఎత్తయిన సందక్‌ఫూ శిఖరానికి దారి ఇక్కడినుండే మొదలవుతుంది. దూరం 31 కిలోమీటర్లు మాత్రమే. శిఖరం ఎత్తు 3,636 మీటర్లు. ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయాన అక్కడినుండి ఒకవైపు కాంచనజంగా, మరొకవైపు ఎవరెస్టు, లోత్సే, మకాలు కనబడతాయి. యాత్రికులు వచ్చేది వాటి దర్శనానికే. అయితే వారిని కొండమీదికి చేర్చే బండ్లు కూడా దర్శనీయాలే.

అవి పాతకాలపు లాండ్ రోవర్లు. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలిసారి లోకం కంటబడిన ఈ నాలుగు చక్రాల చోదనశకటం నమూనాలు మారుతూ 1985 వరకు ‘సిరీస్’ పేరుతో తయారైంది. తేయాకు తోటల దొరలు తెచ్చిన బండ్లు తమ తాతల చేతికి వచ్చాయని ఇక్కడివారు చెబుతారు. చాలా బండ్లలో అసలు పెట్రోలు ఇంజన్లు ఏనాడో అరిగిపోయాయి. వాటి స్థానంలో దేశీయమైన డీజిల్ ఇంజన్లు వచ్చి చేరాయి. వెనుక ఇరుసుల్లోని పళ్లచక్రాలను మాత్రం యజమానులు అంత సులువుగా మార్చరు. ఎందుకు మార్చరో ఆ దారిన ఒకసారి వెళితే బోధపడుతుంది.

బజారు దాటగానే చిత్రే దాకా నిటారైన ఎక్కుడు. మా డ్రైవరు బండిని పూర్తిగా ఆపి, ఎర్రపిడి గల మీటను వెనక్కు లాగి, మొదటి గేరులో కదిలించాడు. ఇంజను గట్టిగానే మ్రోగింది గాని బండి మనిషి నడకకంటె వేగంగా పోలేదు. పక్కన మూటలు మోసుకుపోతున్న ఊరివారు మమ్మల్ని దాటి సాగిపోయారు.

మూడు చోట్ల తగ్గే వేగం

ఇంజను తిరిగే వేగం చక్రాన్ని చేరేలోపల మూడు చోట్ల తగ్గుతుంది: గేరుబాక్సులో, దాని వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ కేసులో, చివరకు ఇరుసులోని క్రౌన్ పినియన్ వద్ద. ఈ మూడింటినీ హెచ్చవేస్తే బండి స్వభావం తేలుతుంది. 1971లో వచ్చిన సిరీస్ 3 బండినే తీసుకుందాం. మొదటి గేరు 3.68, ట్రాన్స్‌ఫర్ కేసు నెమ్మది వరుస 2.35, క్రౌన్ పినియన్ 4.7. ఫలితం సుమారు 40.6. అంటే ఇంజను 40 సార్లకు పైగా తిరిగితేగాని చక్రం ఒక్కసారి తిరగదు. ఇంజను నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతున్నప్పుడు బండి గంటకు మూడు కిలోమీటర్లకు కాస్త పైగా సాగుతుంది. వేగం ఎంత తగ్గితే లాగే బలం అంత పెరుగుతుంది.

ఇంగ్లీషులో ‘లో గేరు’ అన్నదానికి అంకె పెద్దదిగా ఉండటం అనువాదకులను తికమకపెట్టే సంగతి. ‘లో’ అన్నది చక్రం వేగాన్ని గురించిన మాట, నిష్పత్తిని గురించినది కాదు. తెలుగులో ‘నెమ్మది గేరు’ అంటే ఆ చిక్కు ఉండదు.

ఇదే బండి చదునైన దారిన టాపు గేరులో పోయేటప్పుడు మొత్తం నిష్పత్తి 5.4. గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఇంజను గోల భరించడం కష్టం. అందువల్ల మైదానాలలో పాతబండ్లు నడిపే ఔత్సాహికులు కొందరు 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లోని 3.54 క్రౌన్ పినియన్‌ను తెచ్చి బిగిస్తారు. హైవే మీద బండి హాయిగా పరుగెడుతుంది. కాని మూల్యం వేరొకచోట చెల్లించాలి. మన 40.6 కాస్తా 30.6కు పడిపోతుంది. నడకవేగం పోయి వడి పెరుగుతుంది, కొండ ఎక్కే బలం నాలుగోవంతు తగ్గుతుంది. పైగా ముందు, వెనుక ఇరుసులు రెండింటినీ ఒకే నిష్పత్తికి మార్చక తప్పదు. నాలుగు చక్రాలను కలిపినప్పుడు రెండింటికీ పొత్తు కుదరకపోతే పళ్లచక్రాలు తమలో తాము పెనుగులాడి విరుగుతాయి.

దిగుడులో అసలు పరీక్ష

తుమ్లింగ్ దాటిన తర్వాత దారి గైరీబాస్ వరకు దిగి, మళ్లీ కాలిపోఖ్రి వైపు ఎక్కుతుంది. ఆ దిగుడులో డ్రైవరు బ్రేకు జోలికి దాదాపు పోలేదు. కారణమడిగితే హిందీలో, “బ్రేకు ఇప్పుడే వాడేస్తే ఎలా సార్? కింద మలుపులో ఆవో మనిషో అడ్డం వచ్చినప్పుడు అది మనకు మిగిలి ఉండాలి కదా” అన్నాడు. ఈ బండ్లవి పాతకాలపు డ్రమ్ము బ్రేకులు. ఎడతెగకుండా తొక్కితే వేడెక్కి పట్టు సడలుతాయి. పల్లంలో దిగే బండిని ఎడ్లు తామే వెనక్కి ఆనుకుని నిలవరించినట్లు, ఇక్కడ నెమ్మది గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆ 40.6 అంకెను ఎక్కడానికి మాత్రమే కాక, దిగడానికీ లెక్కవేయాలి. వెనుక బెంచీల మీద కూర్చున్న వారి ప్రాణాలు ఆ లెక్కమీద ఆధారపడి ఉన్నాయి.

అలాగని నిష్పత్తి ఎంత పెంచితే అంత మేలనుకోవడం పొరపాటు. పెరిగిన బలమంతా ఇరుసులోపలి షాఫ్టుల మీద పడుతుంది. ఈ రోవర్లలో వెనుక ఇరుసు షాఫ్టులు విరగడం ప్రసిద్ధమే. క్రొత్త ఇంజనుతోపాటు అయిదు గేర్ల క్రొత్త గేరుబాక్సు తెచ్చుకుందామన్నా చిక్కే. రోవరులో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకే అతికి ఉంటుంది. ఒకటి మారితే రెండవదీ మారాలి, ప్రొపెల్లర్ షాఫ్టుల పొడవులూ మారాలి. అందుకే తెలిసినవారు పాత గేరుబాక్సునే ఉంచి, నడుమ అడాప్టర్ ప్లేటుతో ఇంజనును కలుపుతారు. మైదానంలో వడి కావలసినవారు ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక బిగించే ఓవర్‌డ్రైవ్‌ను ఎంచుకోవచ్చు. కావలసినప్పుడు కలుపుకొని, కొండ రాగానే విడదీయవచ్చు. ఇరుసును మారిస్తే ఆ వెసులుబాటు ఉండదు.

ఇటీవలి సంవత్సరాలలో సందక్‌ఫూ దారిలో చాలా భాగానికి కాంక్రీటు పరిచారు. ఒకప్పుడు బండరాళ్ల మీద ఎగిరెగిరిపడిన చోట ఇప్పుడు చక్రాలు సాఫీగా దొర్లుతున్నాయి. క్రొత్త బండ్లూ వస్తున్నాయి. ఇక ఈ ముసలి ఇరుసులను వేగవంతం చేయరాదా అన్న ప్రశ్న సహజమే. కాని కాంక్రీటు తీసివేసినది రాళ్లను మాత్రమే. కొండవాలు ఎప్పటివలెనే ఉన్నది, నునుపైన దారి మీద బండి మరింత తొందరగా జారుతుంది. పాతబండిని కొని బాగుచేయించదలచిన వారెవరైనా మెకానిక్ వద్దకు వెళ్లేముందు తాము దిగవలసిన వాలు ఎంతో చూసి రావడం మంచిది. క్రౌన్ పినియన్‌ను ఎంచవలసినది ఆ వాలునుబట్టే.