శనివారం ఆఖరి పీరియడ్డు

పాఠశాలలో మతగ్రంథాలు చెప్పించాలా వద్దా అన్న చర్చ మన దేశానికి కొత్తది కాదు. ఆ చర్చ ఢిల్లీలోనో గాంధీనగర్‌లోనో జరిగినప్పుడు పత్రికలో చదివి పక్కన పెట్టవచ్చును. మన క్వార్టర్సు మెట్లెక్కి వచ్చినప్పుడు అలా పక్కన పెట్టడానికి వీలుండదు. గత విద్యాసంవత్సరం ఆరంభంలో మా బ్లాకులో ఒక వినతిపత్రం తిరిగినది. శనివారం ఆఖరి పీరియడ్డులో పిల్లలకు ఎవరి మతగ్రంథం వారికి బోధించే ఏర్పాటు చేయవలసినదిగా ప్రభుత్వ పాఠశాల ప్రిన్సిపాలు గారిని కోరుతూ వ్రాసిన పత్రమది. తెచ్చిన వారు మాకు చిరకాల మిత్రులు, నిష్ఠాపరులు. "అన్నగారూ, పిల్లలకు ఫోను తప్ప మరో లోకం లేకుండా పోతున్నది. వారానికొక్క గంటయినా నాలుగు మంచి మాటలు వాళ్ళ చెవిన పడనీయండి" అన్నారు. అప్పటికే ఆ కాగితం మీద పన్నెండు సంతకాలున్నాయి. గుడికి వెళ్ళేవారివి, చర్చికి వెళ్ళేవారివి, మసీదుకు వెళ్ళేవారివి అన్నీ ఉన్నాయి. మేము ఒక వారం గడువు అడిగి తీసుకున్నాము.

చట్టం సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాలలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపుతోనో, గ్రాంటుతోనో నడిచే ఇతర పాఠశాలల్లో సైతం తల్లిదండ్రుల సమ్మతి లేనిదే పిల్లవాణ్ణి మతబోధకు కూర్చోబెట్టరాదు. కనుక ప్రిన్సిపాలు గారు ఆ పత్రాన్ని మంజూరు చేయజాలరు. అయితే మతాల గురించి చెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరు అని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో స్పష్టం చేసినది. మొదటిదానికి అడ్డు లేదన్నది. కేంద్రీయ విద్యాలయాల్లో ఉదయపు ప్రార్థనపై వేసిన వ్యాజ్యాన్ని 2019లో విస్తృత ధర్మాసనానికి నివేదించారు. ఈ న్యాయ విషయాలు చెప్పి మేము సంతకం తప్పించుకోవచ్చును. కాని చట్టం ఒప్పుకోదని చెప్పడం వేరు, ఆ పని మంచిది కాదని చెప్పడం వేరు. మిత్రునికి రెండవదే చెప్పాలి, చెప్పగలిగితే.

మిత్రుని వాదంలో బలం లేదని మేము అనము. ఆ బలం చూడాలంటే ఈ దీవులు దాటి పోనక్కరలేదు. కార్ నికోబార్‌లోని మూస్ గ్రామంలో వేదప్పన్ సాలమన్ అనే తమిళ ఉపదేశి 1890లలో మిషన్ బడి నడిపారు. ఆయన చేరదీసిన నికోబారీ బాలుడొకరు బర్మాలో చదువుకొని తిరిగివచ్చి, జాన్ రిచర్డ్‌సన్ అన్న పేరుతో తమ వారికి గురువై, తరువాత బిషప్పు అయినారు. 1952లో మొదటి లోక్‌సభలో ఈ దీవుల ప్రతినిధి ఆయనే. నికోబారీ భాషలోకి బైబిలును తెచ్చినదీ ఆయనే. అక్కడి వారు సొంత మాటను రోమన్ లిపిలో అచ్చులో చూసుకున్నది ప్రధానంగా ఆ గ్రంథం వల్లనే. మన వీధిబడి మాత్రం? బాలరామాయణం, అమరం, శతకాలు, భాగవత పద్యాలు కంఠతా పట్టించి అక్షరం నేర్పినదే కదా! మా కాలపు తెలుగు వాచకంలోనూ గజేంద్రమోక్షం ఉండేది. అది భక్తి పాఠమా, భాషా పాఠమా అని మా మాస్టారు విడదీసి చెప్పలేదు. మేమూ అడగలేదు.

కాని మూస్ గ్రామపు బడిలో కూర్చున్నది ఒక ఊరి పిల్లలు, ఒక భాష పిల్లలు. మన వీధిబడిలోనూ అంతే, పైగా ఆ అరుగు ఎక్కనివ్వని పిల్లలు ఊళ్ళో ఎందరో. ఇక్కడి తరగతి గది సంగతి వేరు.

పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం, 1858లో ఖైదీల వలసగా ప్రారంభమైన ఊరు. 1921 మలబారు తిరుగుబాటు తరువాత ఇక్కడికి పంపబడిన మాప్పిళ్ళలు దక్షిణ అండమానులో తమ పల్లెలకు కాలికట్, మంజేరి, తిరూర్ అని పాత ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్లు మాయాబందర్ దగ్గర స్థిరపడినారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. ఛోటానాగపూర్ నుంచి కూలికి వచ్చిన వారిని ఇక్కడ అందరూ 'రాంచీలు' అంటారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మన వారు జంగ్లీఘాట్‌లో వలలు ఆరవేసుకుంటున్నారు. 2011 జనగణన నాటికి మొత్తం జనాభా 3,80,581. అందులో హిందువులు 69 శాతం, క్రైస్తవులు 21 శాతం, ముస్లిములు 8 శాతం పైచిలుకు. తెలుగు మాతృభాషగా చెప్పుకున్న వారు సుమారు 13 శాతం. ఇంతమంది పిల్లలను ప్రభుత్వ పాఠశాలలు ఇప్పటికే హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళ, తెలుగు మాధ్యమాల పేరిట విడివిడిగా కూర్చోబెడుతూ వచ్చాయి. అది అవసరం కొద్దీ జరిగినది, తప్పు పట్టము. మాధ్యమం విడదీయగా మిగిలిన ఆ ఒక్క గదిని శనివారం ఆఖరి పీరియడ్డులో మళ్ళీ మూడుగానో నాలుగుగానో చీల్చమని మన పత్రం అడుగుతున్నది.

ఎనిమిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఒక స్నేహితురాలున్నది. 'లోకల్' కుటుంబం, అంటే పాత ఖైదీల సంతతి. ఆ కాలంలో ఇక్కడ కులమూ, ప్రాంతమూ, కొన్నిచోట్ల మతమూ చూడకుండా పెళ్ళిళ్ళు జరిగినవి. ఆ ఇంట తాతగారు రంజాను ఉపవాసం ఉంటారు, అమ్మమ్మగారు దుర్గాపూజ పందిరికి పళ్ళెం పట్టుకొని వెళతారు. ఈద్ సేమియా మా ఇంటికి వచ్చేది ఆ ఇంటి నుంచే. ఆ పిల్ల ఏ గదిలోకి వెళ్ళాలి? ఇంతవరకు ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అడగని ప్రశ్న ఇది. హాజరు పట్టీ అడుగుతుంది. పదమూడేళ్ళ పిల్ల నలభై మంది ఎదుట లేచి నిలబడి జవాబు చెప్పుకోవాలి.

ఇది మా ఊహ మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1880 నాటి చట్టం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో వారానికొక మతబోధ పీరియడ్డు ఉన్నది. మతసంస్థల స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చి చెబుతారు. హిందూ సంస్థలకూ అనుమతి ఉన్నది. సిడ్నీలో స్థిరపడిన మా మేనల్లుని భార్య కొంతకాలం అలా పాఠం చెప్పినది. ఆ సమయంలో పిల్లలు ఏ మతం వారు ఆ గదికి పోతారట, ఏ మతమూ వద్దన్న వారు గ్రంథాలయంలో కూర్చుంటారట. ఆ మిగిలిపోయిన పిల్లల కోసమే అక్కడ 2010లో నీతి తరగతుల ప్రయోగం మొదలైనది. ఆమె తన పాఠాన్ని ఇష్టంగానే చెప్పినది. అయితే గంట కొట్టగానే పిల్లలు ఎవరి దారిన వారు విడిపోవడం చూస్తే మనస్సు చివుక్కుమనేదని ఫోనులో అన్నది.

మరి పిల్లలు ఏ గ్రంథమూ తెలియకుండా పెరగాలా అని మిత్రులు అడుగుతారు. పెరగకూడదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1931 నుంచి 1936 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, 1948-49 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ అధ్యక్షులుగా ఒక దారి చూపారు. రోజూ కొద్ది నిమిషాల మౌనం, డిగ్రీ మొదటి ఏడాది బుద్ధుడు, క్రీస్తు, మహమ్మదు, నానక్ వంటి వారి జీవితాలు, రెండవ ఏడాది అన్ని మతాల గ్రంథాల నుంచి ఏరిన భాగాలు. అంతటి వేదాంతి గ్రంథ పాఠాన్ని డిగ్రీ రెండవ ఏడాదికి జరిపి, అదీ అందరికీ కలిపి ఒకే గదిలో చెప్పమన్నారంటే మనం కాస్త ఆలోచించాలి. చిన్న తరగతులకు మహనీయుల కథలు చాలు. భక్తి, నియమం ఇంట్లోనూ, ఆదివారపు బడిలోనూ, మదరసాలోనూ నేర్చుకోవచ్చు. ఆ ద్వారాలు మూసి లేవు.

వారం గడిచాక పత్రాన్ని సంతకం లేకుండానే తిరిగి ఇచ్చి, ఈ మాటలే చెప్పాము. మిత్రులు నొచ్చుకున్నారు. రెండు వారాలు సాయంత్రపు టీకి రాలేదు. మూడవ వారం వచ్చి, "అయితే ఆ ఒకే గది మీరు చూపండి" అన్నారు. న్యాయమైన సవాలే. రిక్రియేషన్ క్లబ్బు గది ఆదివారం ఉదయం ఖాళీ. పోతన భాగవతం ఆయన చెబుతారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన జాషువా 'క్రీస్తు చరిత్ర' మా వంతు. ఖురానును మొట్టమొదట తెనిగించిన చిలుకూరి నారాయణరావు గారి అనువాదం నుంచి కొన్ని భాగాలు అకౌంట్సు విభాగంలోని మిత్రులొకరు చదివి వినిపిస్తామన్నారు. తెలుగు రాని పిల్లలకు అర్థం హిందీలో చెప్పాలన్నది మా అమ్మాయి పెట్టిన షరతు, ఎందుకంటే స్నేహితురాలిని వెంటబెట్టుకు వస్తుందట. మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. నారాయణరావు గారి పుస్తకం మాత్రం ఇంకా చేతికి అందలేదు. విశాఖ నుంచి ఓడ ఎక్కే వారెవరి వద్దనైనా ప్రతి ఉంటే దయచేసి వెంట తీసుకురాగలరు.