తెర మూలన చేతులు

వినికిడి లోపం ఉన్న విద్యార్థులకు ఆన్‌లైన్ పాఠం అంటే మామూలు వీడియోలో ఒక మూల చిన్న గడి పెట్టి, అందులో సైగలు చేసే మనిషిని చూపడమేనన్న అభిప్రాయం ఎంత లోపభూయిష్టమో, హైదరాబాద్‌లోని ఒక బధిరుల పాఠశాలలో పాఠాలు చిత్రీకరించే గదికి వెళ్లినవారికి స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ముందుగా చూడవలసినవి స్వయంగా బధిరుడైన ఉపాధ్యాయుడి చేతులు.

రక్తప్రసరణ పాఠం చెబుతూ ఆయన ఛాతీ దగ్గర పిడికిలి బిగించి వదిలి గుండెను చూపుతారు. ఆపైన తన ముందున్న ఖాళీ జాగాలో కుడి గదులకు ఒక చోటు, ఎడమ గదులకు ఒక చోటు కేటాయించి, ఊపిరితిత్తులకు వెళ్లివచ్చే రక్తం దారిని వేలితో గీస్తారు. ఇక ఎడమ గదుల ప్రస్తావన మళ్లీ వస్తే ఆ చోటును చూపితే చాలు. భారతీయ సంజ్ఞా భాషలో సర్వనామం పనిని ఇలా స్థలమే చేస్తుంది, ప్రశ్నార్థక పదం వాక్యం చివర వస్తుంది, అవునా కాదా అనే ప్రశ్నను పైకి లేచిన కనుబొమలు తెలుపుతాయి. కనుక మోచేతులు తెరలో ఇమడకపోయినా, ముఖం మీద వెలుతురు చాలకపోయినా వ్యాకరణమే లోపిస్తుంది. నెట్ మందగించి దృశ్యం స్తంభిస్తే, వినగలిగే విద్యార్థికి మాటైనా అందవచ్చు గాని, బధిర విద్యార్థికి వాక్యం మొత్తం జారిపోతుంది.

‘చేతులు చూస్తే పటం పోతోంది, పటం చూస్తే చేతులు పోతున్నాయి సార్’ అని ఒక పదో తరగతి విద్యార్థిని ఆయనకు సైగలతో చెప్పుకున్న ఫిర్యాదు ఎంతో న్యాయమైనది. ఇతరులు పటం చూస్తూనే వివరణ వింటారు; ఆమెకు రెండూ కళ్లతోనే అందాలి. అందుకే ఆయన ఒక మాట ముగించి, చేతులు దించి, తానూ పటం వైపు తిరిగి కొంతసేపు ఆగుతారు. వినేవారి కోసం తయారైన పాఠానికి తరువాత సైగలు అతికిస్తే ఈ విరామానికి తావుండదు, ఎందుకంటే వెనుక గొంతు ఆగకుండా సాగిపోతూ ఉంటుంది.

2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో వెలువరించిన నిఘంటువును 2021 నాటికి 10,000 పదాలకు పెంచడం, 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-విద్య కార్యక్రమం కింద సంజ్ఞా భాషకే 31వ టీవీ చానల్ మొదలవడం నిస్సందేహంగా హర్షించదగిన పరిణామాలు. అయితే పుస్తకాలను సంజ్ఞా భాషలోకి తేవడానికి 2020లో ఎన్‌సీఈఆర్‌టీతో ఆ కేంద్రం చేసుకున్న ఒప్పందం హిందీ, ఇంగ్లీషు మాధ్యమాల పుస్తకాలకు సంబంధించినది. రాష్ట్ర సిలబస్‌ను తెలుగులో చదివే పిల్లల కోసం ఈ పాఠశాల ఉపాధ్యాయులు సొంత ఫోన్లలోనే పాఠాలు తీసుకుంటున్నారు. ఉపాధ్యాయుడు బదిలీ అయితే ఆ పాఠాలూ ఆయనతోనే వెళ్లిపోతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ క్యూఆర్ కోడ్‌లు ఎలాగూ ముద్రిస్తున్నారు. బధిర ఉపాధ్యాయులకు తగిన పారితోషికమిచ్చి, వారి చేతులకు తెర మధ్యలో చోటిచ్చి, తెలుగు వాక్యాలు కింద కనిపించేలా పాఠాలు తీయించి, ఆ కోడ్‌ల వెనుక ఉంచవలసిన బాధ్యత పుస్తకాలు ముద్రించే ప్రభుత్వాలదే.