మాటు ఎవరి హక్కు?

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రపు వాయవ్య మూలన రీల్‌ఫుట్ అనే సరస్సు ఉన్నది. 1811, 1812 సంవత్సరాలలో వచ్చిన భూకంపాలకు నేల కుంగి ఏర్పడిన జలాశయమది. ఎవరి తాతముత్తాతలూ తవ్వించినది కాదు. శీతాకాలంలో ఉత్తరాది నుండి బాతులు అక్కడికి తరలివస్తాయి, వాటి వెంట వేటగాళ్లూ వస్తారు.

వేటగాడు తెల్లవారక మునుపే మాటులో చేరతాడు. మాటు అంటే నీటి అంచునో, నీటి నడుమనో కర్రలతో కట్టి, రెల్లుతో కప్పిన గూడు. ఎదుట నీటిపై దీమపు బాతులను తేలవిడిచి, చప్పుడు చేయక కూర్చుంటాడు. (మన కొల్లేటి బాతుల జోలికి పోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అక్కడ 16 ఏళ్లు నిండిన వేటగాడు 1934లో వచ్చిన చట్టం మేరకు ఏటా ఒక స్టాంపు కొనాలి. ఆ సొమ్ముతో పక్షులకు చిత్తడి నేలలు కొంటారు.)

సొంత భూమిలో మాటు కట్టుకొనేవానితో పేచీ లేదు. ప్రభుత్వపు నీరు అందరిదీ, మాటులేమో కొన్నే. దగ్గర దగ్గరగా కడితే పక్షి దక్కదు సరికదా, గుండు మనిషికే తగలవచ్చు. వర్జీనియాలో రెండు స్థిర మాటుల నడుమ 500 గజాల దూరం ఉండాలి, ఒడ్డున భూమి గలవానికి మొదటి హక్కు. పొరుగువాని షుఫా హక్కును గురించి పాఠం చెప్పే మాకు ఇది కొత్తగా తోచలేదు. టెన్నెసీలో చీట్లు వేసే ఆచారం. పూర్వం వేటగాళ్లు ఆగస్టు నెలలో స్వయంగా హాజరై, పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూసేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తున్నది.

మా మేనల్లుడు ఆ రాష్ట్రంలోనే ఉద్యోగం చేస్తున్నాడు. “మామూ, ఈ చీటీ జూదమవుతుందా?” అని ఒకనాడు ఫోనులో అడిగాడు. కాదన్నాము. జూదంలో ఒకని సొమ్ము పోయి మరొకనికి చేరుతుంది. ఇక్కడ దరఖాస్తు రుసుము ఉన్నచోట కూడా అది గెలిచినవాని జేబులోకి పోదు. హక్కులు సమానమైనప్పుడు ఎవరి మనసూ నొవ్వకుండా వాటాలు తేల్చడానికి ఖుర్‌ఆ వేయవచ్చునని హిదాయాలోని పంపకాల అధ్యాయంలో మేము ఏటా చదివిస్తాము. దైవప్రవక్త (స) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు తమ సతీమణుల మధ్య చీట్లు వేసేవారు. మన దేశంలో హజ్ కమిటీ సీట్లను తేల్చేదీ ఖుర్‌ఆతోనే.

అతడు అసలు సంగతి అప్పుడు చెప్పాడు. తోటి ఉద్యోగి ఒకడు, “నీ పేరు కూడా ఇవ్వు, లైసెన్సు ఖర్చు నాది” అన్నాడట. మావాడు జన్మలో తుపాకి పట్టినవాడు కాడు. వేట ఎరుగని భార్యాబిడ్డల పేర్లు, బంధువుల పేర్లు చేర్చి అదృష్టాన్ని పెంచుకోవడం అక్కడ పాత పద్ధతేనట. చట్టం దాన్ని పట్టుకోగలదో లేదో వేరే మాట. ఆ మాటుపై కోరిక లేనివానికి ఆ చీటీలో హక్కెక్కడిది? ఒక్క పేరుతో నిజాయితీగా వచ్చినవాని ఎదుట పది పేర్లు నిలబడితే, చీటీ ఎంత నిష్పక్షపాతంగా తీసినా న్యాయం అప్పటికే తప్పిపోయింది. ఇవ్వవద్దన్నాము. స్నేహం చెడుతుందేమోనని నసిగాడు. చెడితే చెడనీ అన్నాము, కాస్త కఠినంగానే.

మాకు మిక్కిలి నచ్చిన నియమం మరొకటున్నది. మాటు గెలిచినవాడు కాల్పులు మొదలయ్యే వేళకు రాకపోతే, ఆ పూటకు దానిని ఇతరులకు వదలడం అక్కడ అనేకచోట్ల ఉన్న పద్ధతి. గెలిచినది వాడుకొనే హక్కునే గాని యాజమాన్యాన్ని కాదు. బీడు భూమి చుట్టూ రాళ్లు పాతి మూడేళ్లు సాగుచేయనివాని నుండి దానిని తీసి మరొకరికి ఇవ్వవచ్చునని మన ఫిఖ్హ్ గ్రంథాలు చెప్పేదీ ఇటువంటిదే.

జుమా నాడు ముందు సఫ్‌లో రుమాలు పరచి, బజారు పనులు చూసుకొని వచ్చే పెద్దమనిషి ఒకరు మా మహల్లాలో ఉన్నారు. వారికి ఈ బాతుల మాటు సంగతి వివరంగా చెప్పాము. ఎంతో ఆసక్తిగా విన్నారు, సుబహానల్లాహ్ అన్నారు. మరుసటి జుమాకు రుమాలు అక్కడే ఉన్నది.