ఆ రెండు గంటలు

పళ్లికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు ఒకరోజు తలుపులు తెరిచి పిల్లాపెద్దలందరినీ లోపలికి రానిస్తారని మా మనుమడికి బడిలో చెప్పారట. వాడికి తొమ్మిదో ఏడు. "అమ్మమ్మా, నువ్వే తీసుకెళ్లాలి" అని వారంరోజులు నా కొంగు వదలలేదు.

నాకు సముద్రమన్న మాటే గిట్టదు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. వాడికి సగమే తెలుసు. మా అమ్మాయి, "పోనీ వెళ్లిరా అమ్మా. అది సముద్రం కాదుగదా, సముద్రాన్ని గురించిన చదువేగదా" అన్నది. సరేనని మైలాపూరులో బస్సెక్కాము.

లోపల తిరునాళ్ల సందడిగా ఉన్నది. ఒక బల్లమీద ఉర్లగడ్డలంతేసి నల్లని ముద్దలు పెట్టారు. హిందూమహాసముద్రం అడుగున దొరికే మాంగనీసు ముద్దలట. పదిలక్షల ఏండ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతవట. వాడు ఒకటి చేతిలోకి తీసికొని, "ఇది నీకంటే పెద్దదా అమ్మమ్మా?" అన్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు, నేనూ నవ్వాను. ముగ్గురు మనుషులు కూర్చొని ఆరువేల మీటర్ల లోతుకు దిగేందుకు రూపొందించిన 'మత్స్య 6000' నమూనా కూడా చూశాము.

ఇంకొకచోట ఒక అమ్మాయి నిలువెత్తు గాజుగొట్టం నిండా నీళ్లుపోసి, అడుగున చిన్న యంత్రం అమర్చింది. మావాడిచేత పైనుండి గ్లాసెడు నీళ్లు పోయించింది. వెంటనే యంత్రంలోని అంకె మారింది.

"పైన నీరు కాస్త పెరిగినా అడుగున బరువు తెలుస్తుంది, చూశావా? ఇటువంటిదే సముద్రగర్భంలో పెడతారు. సునామీ నడిసముద్రంలో గంటకు ఏడువందల కిలోమీటర్ల వేగంతో పోతున్నా, ఎత్తు తక్కువ. ఓడలో ఉన్నవారికైనా తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది. అడుగునున్న యంత్రం నీటిపై తేలే బోయాకు శబ్దంతో కబురు పంపుతుంది. బోయా ఉపగ్రహానికి పంపుతుంది. అక్కడినుండి హైదరాబాదులోని హెచ్చరిక కేంద్రానికి నిమిషాలలో చేరుతుంది" అని తమిళంలో విడమరిచి చెప్పింది.

గోడమీద పటం ఉన్నది. 2004 డిసెంబరు 26. ఉదయం 6-29కి సుమత్రా దగ్గర భూకంపం. మన చెన్నపట్నం తీరానికి అల చేరినది ఎనిమిదిన్నర దాటిన తరువాత.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ రోజు ఆదివారం, మార్గశిర పౌర్ణమి. నేను కాఫీ కలుపుతుండగా అలమరలో గిన్నెలు గలగలలాడినవి. "లారీ ఏదో పోతున్నట్టున్నది" అన్నారు మావారు. కాఫీ తాగారు, పేపరు చదివారు, ఏడున్నరకు చెప్పులు వేసికొని రోజూవలెనే మెరీనాకు షికారు వెళ్లారు. మళ్లీ రాలేదు.

మావాడు ఆ రెండు వేళలనూ వేళ్లమీద లెక్కవేశాడు. "రెండు గంటలు ఉందిగదా! తాతయ్యకు ఎవరూ చెప్పలేదా అమ్మమ్మా?"

ఆ అమ్మాయికి సంగతి అర్థమైనట్టున్నది. గొంతు తగ్గించి, "పసిఫిక్ మహాసముద్రానికి 1949 నుండే హెచ్చరిక కేంద్రం ఉన్నదమ్మా. మనవైపు అప్పటికి లేదు. 2007లో వచ్చింది" అన్నది.

ఇన్నాళ్లూ ఆయన రాత అంతే అనుకొన్నాను. రాతే కావచ్చు. కాని ఆ రాతకు రెండు గంటల గడువున్నదని, ఆ కబురు మా వంటింటి అలమరదాకా వచ్చిందని, దాన్ని చదువుకోవడమే మాకు రాలేదని ఆనాడు తెలిసింది. ఏడుపు వచ్చింది. ఎవరిమీదనో కోపం కూడా వచ్చింది, ఎవరిమీదనో చెప్పలేను. వాడు నా చేయి పట్టుకొని నిలబడ్డాడు.

మా ఇంట్లో పనిచేసే ఆమెది పట్టినపాక్కం కుప్పం. కొడుకు పడవమీద వేటకు పోతాడు. మరునాడు ఆమె రాగానే మావాడు ఎదురుపోయి తమిళంలో పాఠం అప్పజెప్పాడు. తీరాన ఉన్నప్పుడు భూమి గట్టిగా అదిరినా, చాలాసేపు అదిరినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, చూస్తూ నిలబడకూడదు. హెచ్చరికకోసం ఎదురుచూడకుండా మెరకకు పరుగెత్తాలి. మొదటి అల వెళ్లిపోయిందని తిరిగి రాకూడదు. వెనక ఇంకా పెద్దది రావచ్చు. అధికారులు పొమ్మన్నదాకా అక్కడే ఉండాలి.

యంత్రాలు చెప్పేది హైదరాబాదుకు చేరుతుంది. అక్కడినుండి కుప్పందాకా రావాలంటే ఇటువంటి నోళ్లు కూడా కావాలిగదా! ఇటువంటి సంస్థలు తలుపులు తెరిచిననాడు, సోదరీమణులారా, పిల్లలను తప్పక తీసికొని వెళ్లండి.

పనిమనిషి తోముతున్న గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, వాడికెదురుగా కూర్చొన్నది.

"ఇంకొక్కసారి చెప్పు కన్నా" అన్నది, "మావాడికి చెప్పాలి."