నిప్పుతాడు

మా ఊరు కోసిగిలో టీ అంగళ్ల ముందు గుంజకు ఒక కొబ్బరితాడు వేలాడేది. కింది కొసన నిప్పు రాజుకుంటూనే ఉండేది. అగ్గిపుల్ల ఖర్చు లేకుండా బీడీ ముట్టించుకోవడానికి అంగడాయన చేసిన ఏర్పాటది. చేను గలాయన, కూలికి పోయేటాయన ఒకరి తర్వాత ఒకరు ఆ తాడే పట్టుకునేవాళ్లు. నిప్పుకు అంటు లేదు. గ్లాసుకు మాత్రం ఉండేది. కొన్ని అంగళ్లలో కొందరి గ్లాసులు వేరుగా బయటే ఉండేవి. ఆ కాలాన్ని తలుచుకునేటప్పుడు తాడును మెచ్చి గ్లాసును మరవడం నాకు సరిగా అనిపించదు.

లోపల నాలుగు బెంచీలు, బజ్జీల నూనె పొగ, దానిమీద గణేష్ బీడీ పొగ. చేతిలో నాలుగు రూపాయలు ఆడితే చార్మినార్ సిగరెట్. బూడిద రాలేది టీ సాసర్లోనే. గుంటూరు మిరప కోతలకు ఎవరెవరు పోవాలో, అడ్వాన్సు ఎంతో మేస్త్రీతో తేలేది అక్కడే. ఆదోనిలో పత్తి ధర ఎంత పలికిందో తెలిసేదీ అక్కడే. ఇంత మాటల మధ్య మామో పెదనాయనో గడపలోకి వస్తే, కాలుతున్న బీడీ గుప్పిట్లోకి పోయి బెంచీ కింద దాక్కునేది. చెయ్యి చురుక్కుమన్నా సరే, ఆయన కూర్చునేదాకా ఓర్చుకోవాల్సిందే. మా ఊళ్లో పొగ మీద మొదటి నిషేధం అదే.

రెండోది ఢిల్లీ నుంచి వచ్చింది. బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని ఆపమని సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న చెప్పింది. 2003లో చట్టమైంది. 2008 అక్టోబరు 2 నుంచి కొత్త నియమాలతో హోటళ్లు, బార్లు అన్నీ అందులోకి వచ్చాయి. జరిమానా 200 రూపాయల దాకా. 60×30 సెంటీమీటర్లకు తగ్గని ‘పొగ తాగరాదు’ బోర్డు కట్టాలి. యాష్‌ట్రే, అగ్గిపెట్టె, ముట్టించుకోవడానికి వీలిచ్చే ఏ వస్తువూ లోపల పెట్టకూడదు. తాడు పేరు ఆ కాగితంలో లేకపోయినా దానికీ కాలం చెల్లింది. అప్పటికే లైటర్లు వచ్చి సగం చంపేశాయనుకోండి.

"బీడీ తాగొద్దంటే టీ ఎవురు తాగుతారప్పా?" అన్నది అంగళ్లలో వినిపించిన మాట. కరువును ఆపలేనోళ్లు మా బీడీని ఆపుతారా అని ముసలోళ్లు. చిన్న అంగడికి అన్యాయం జరిగిన మాట మాత్రం నిజమే: ముప్పై సీట్లు, అంతకుమించి ఉన్న రెస్టారెంటుకు పొగరాయుళ్ల కోసం వేరే గది కట్టుకునే వీలిచ్చారు. నాలుగు బెంచీల అంగడికి రోడ్డే గది. ఆరుబయలు చట్టం కిందికి రాదు గనుక అందరూ అక్కడికే నడిచారు. టీ అమ్మకం తగ్గలేదు, గ్లాసు చేతబట్టుకుని నిలబడి తాగడం అలవాటైంది.

ఎవరూ అభిప్రాయం అడగనివాళ్లు ఇద్దరున్నారు. పొద్దుట్నుంచి రాత్రిదాకా ఆ పొగలో గ్లాసులు కడిగిన పిల్లోడు ఒకడు. లోపలికి అడుగుపెట్టకుండా గడప బయటే చెంబులో టీ పోయించుకున్న ఆడమనిషి ఇంకొకామె. వాళ్లను అడిగి ఉంటే నిషేధం ఇరవై ఏళ్ల ముందే వచ్చేది. ఇప్పుడు బస్సుకు టైముంటే ఆడవాళ్లు అవే బెంచీల మీద కూర్చుని ఉగ్గాని, బజ్జీ తింటున్నారు. పొగ ఒక్కటే కారణమని అనను. సంపాదన చేతికి రావడం, ఊళ్లు దాటి పనికి పోవడం పెద్ద కారణాలు. తాడు గురించి వాళ్లనడిగితే, పోయినందుకు బాధపడినోళ్లు ఒక్కరూ కనపడలేదు.