మూడో వైరు

నల్లా ముట్టుకుంటే కరెంటు కొడుతుందని మా ఇంటామె నాలుగు రోజుల నుంచి మొత్తుకుంటుంది. నేను పట్టించుకోలేదు. ఐదో నాడు స్నానాల గదిలో బకెట్టు పడ్డ చప్పుడు వినొచ్చింది. గీజరు నల్లా తిప్పబోయి, చెయ్యి గుంజుకుని, గోడకు కొట్టుకుంది. మోచెయ్యి వాచింది. అప్పుడు గాని నేను లేవలేదు.

ఉప్పల్‌లో మా ఇల్లు 1998లో కట్టింది. చౌరస్తాల ఎలక్ట్రికల్ షాపులో అడిగితే, షాపాయన ఫోన్ చేసి ఒక పిలగాణ్ణి పంపిండు. నాచారంల ఉంటడట. ఐటీఐల రెండేండ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివిండు. భుజాన సంచి, చేతిల టెస్టు ల్యాంపు. గేటు కాడనే చెప్పులిడిచి నిలబడ్డడు.

"పేరేంది తమ్మీ?" అన్న. చెప్పిండు. "ఇంటిపేరు?" అన్న. పిలగాని ముఖం చిన్నబోయింది. "పని చూపియ్యుండ్రి సార్" అన్నడు.

నోరు జారినంక గాని నేనేం అడిగిన్నో నాకు తెలియలేదు. కారంచేడు జరిగిన 1985లోనే నేను భువనగిరి పక్క పల్లె నుంచి నాచారం ఫ్యాక్టరీల పనికొచ్చిన. కిరాయి ఇండ్ల కోసం తిరిగితే "మీరెవర్లు?" అనేటోళ్లు. వాళ్లకు కావల్సింది నా పేరు కాదు, నా కులం. నిజం చెప్తే గది ఇయ్యరు. అబద్ధం చెప్తే నిద్ర పట్టదు. మూడేండ్లల్ల నాలుగిండ్లు మారిన. మాదిగోన్ని, ఏప్రిల్ 14కు మైకు పట్టి మాట్లాడేటోన్ని, అదే ప్రశ్న దొడ్డిదారిన నా గేటు కాడ ఇంకొకన్ని అడిగిన.

పిలగాడు బోర్డు ఇప్పిండు. ఫేజుకు, న్యూట్రల్‌కు నడుమ ల్యాంపు పెడితే వెలిగింది. ఫేజుకు, ఎర్తుకు నడుమ పెడితే వెలగలేదు. "మూడో వైరు గోడల ఉన్నది గని భూమిలకు పోలేదు సార్. కట్టినప్పుడే బోర్డు కాడ కత్తిరించి టేపు సుట్టిండ్రు. గీజరు లీకయితే ఆ కరెంటుకు పోనీకె తొవ్వ లేదు. నల్లా ముట్టుకున్న మనిషి మీదికెల్లే పోతది" అన్నడు. మూడు రంధ్రాల ప్లగ్గు చూసి ఇన్నేండ్లు మేము ధైర్యంగ ఉన్నం.

ఇంటెనక గుంత తీసి రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపాలె, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపాలె అన్నడు. పాత ఫ్యూజులు తీసి ఎంసీబీలు, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టాలె. "ఎంసీబీ వైరును కాపాడుతది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతది సార్." సామాను గాక మజూరీ ఆరువేలు అన్నడు. నేను బేరమాడి ఐదుకు దింపిన. ఓవర్‌టైం పైసల కోసం యూనియన్ల కొట్లాడినోన్ని నేనే.

లోపలి అర్రల సాకెట్టు మార్చబోతే దాని మీదనే అంబేద్కర్ పటం ఉంది. పిలగాడు చాలాసేపు చూసి, పటాన్ని రెండు చేతులతో దించి మంచం మీద పెట్టిండు. తర్వాత నోరిప్పిండు.

"పోయిన నెల ఒక కాలనీల వంటిల్లు, హాలు అంత చేసిన కాకా. దేవునర్రల లైటు పెట్టబోతే మీరడిగినట్టే అడిగిండ్రు. చెప్పిన. ఈ ఒక్కదానికి వేరేటాయన వస్తడు, నువ్వు పో అన్నరు."

'మీరడిగినట్టే' అన్న మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఏమనాలో తెలియక పటం సంగతి ఎత్తుకున్న. 1942 నుంచి 1946 దాకా అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్ల లేబర్ మెంబరు. కరెంటు వ్యవహారం గూడ ఆయన చేతిలనే ఉండె. దేశానికంతా కరెంటు ఎట్ల అందాలెనో అప్పుడే ఆలోచన చేసిండు. "మాకు ఐటీఐల గీ ముచ్చట చెప్పలే కాకా" అన్నడు పిలగాడు.

మాపటికి పని అయింది. ఫేజుకు, ఎర్తుకు నడుమ ల్యాంపు భగ్గున వెలిగింది. మా ఇంటామె చాయ ఇచ్చింది. తాగి, ఎవరూ చెప్పకుండనే లేచి, బయట నల్లా కాడ గ్లాసు కడుగుతుండు.

మా ఊరి చాయ హోటల్ల చూరుకు చెక్కిన మా గ్లాసులు వేరే ఉండేవి. తీసుకుని, తాగి, కడిగి, మళ్లీ చెక్కి రావాలె. అదంత ఊళ్లెనే ఇడిసి వచ్చిన్ననుకున్న. "వద్దు బిడ్డా" అని గ్లాసు గుంజుకున్న. "అలవాటు కాకా" అన్నడు.

ఆరువేలు చేతిల పెట్టిన. "ఐదనుకున్నం గదా" అన్నడు. "అనుకున్నది నేను, నువ్వు కాదు" అన్న.

ఆర్‌సీసీబీ మీది టెస్టు మీట నెలకోసారి నొక్కుమని చెప్పి పోయిండు. నొక్కుతున్న. టక్కున పడుతుంది. పడ్డప్పుడల్లా గేటు కాడ చెప్పులిడిచి నిలబడ్డ ఆ పిలగాడు, నేనడిగిన మాట యాదికొస్తయి. ఇప్పుడు ఇంటికి పనికొచ్చినోన్ని పని సంగతే అడుగుతున్న.